ఊపిరితిత్తులలో సన్నని కొవ్వు పొర: ఒక చరిత్ర

మన రెండు ఊపిరితిత్తులలో కలిపి 30 నుంచి 50 కోట్ల వాయుకోశములు ఉంటాయి. ఒక్కొక్క వాయుకోశము వ్యాసము సుమారు 0.2 మిల్లీమీటర్లు, అది ఆవగింజ కన్న ఎంతో చిన్నది. వాటి గోడలన్నిటినీ విప్పి నేలపై పరచగలిగితే సుమారు 70 చదరపు మీటర్ల చోటు కావాలి. ఆ గోడల లోపలి వైపు పలుచని నీటి పొర ఒకటి, దాని మీద అంతకన్న పలుచని కొవ్వు పొర ఒకటి ఉంటాయి. ఆ కొవ్వు పొరను ఏర్పరచే పదార్థమును సర్ఫెక్టెంటు అంటారు. అది చాలినంత లేకుండా పుట్టిన బిడ్డ ప్రతి శ్వాసకూ పెనుగులాడవలసి వస్తుంది.

అటువంటి పదార్థము ఒకటి ఉన్నదని వైద్యలోకము గ్రహించినది 1950లలో. అది ఎలా పనిచేస్తుందో అణువుల స్థాయిలో నేరుగా పరీక్షించడానికి మరి మూడు నాలుగు దశాబ్దములు పట్టింది. ఆ పరీక్షకు తోడ్పడినవి మన కంటికి కనిపించని పరారుణ కిరణములు. ఆ చరిత్రను వైద్యులు కాని పాఠకులకు కూడా అర్థమయ్యేటట్లు చెప్పాలని ఈ వ్యాసము వ్రాస్తున్నాను.

ఊపిరికి నీరే అడ్డము

తామరాకు మీద నీటి బొట్టు గుండ్రముగా నిలవడము మీరు చూసే ఉంటారు. నీటి అణువులు ఒకదానినొకటి ఆకర్షించుకోవడము వలన నీటి ఉపరితలము బిగించిన పొరవలె ప్రవర్తిస్తుంది, వీలయినంత తక్కువ వైశాల్యమునకు కుంచించుకుపోవాలని చూస్తుంది. ఈ బిగువునే తలతన్యత అంటారు. శరీరోష్ణము వద్ద శుద్ధమైన నీటి తలతన్యత మీటరుకు సుమారు 70 మిల్లీన్యూటన్లు.

గుండ్రని ఉపరితలము లోపలి పీడనమునకు, దాని తలతన్యతకు గల సంబంధమును ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ 1806లో సూత్రీకరించాడు. తలతన్యతను రెండింతలు చేసి వ్యాసార్ధముతో భాగిస్తే ఆ పీడనము వస్తుంది. దీనిని వాయుకోశమునకు వర్తింపజేసి చూడండి. వ్యాసార్ధము 0.1 మిల్లీమీటరు, లోపల ఉన్నది ఉత్త నీటి పొర అనుకుంటే, వాయుకోశము ముడుచుకుపోకుండా నిలపడానికి సుమారు 14 సెంటీమీటర్ల నీటి మట్టమునకు సమానమైన పీడనము కావాలి. మనము నెమ్మదిగా ఊపిరి తీసుకొనేటప్పుడు ఊపిరితిత్తుల చుట్టూ పీడనములో కలిగే మార్పు 2 నుంచి 3 సెంటీమీటర్లు మాత్రమే. ఈ రెండు అంకెలకు పొత్తు కుదరదు.

చిక్కు ఇంకొకటి కూడా ఉంది. వ్యాసార్ధము తగ్గే కొద్దీ లోపలి పీడనము పెరుగుతుంది. అందుచేత ఒక గొట్టముతో కలిపిన రెండు సబ్బు బుడగలలో చిన్నది ముడుచుకుపోయి, అందులోని గాలి పెద్దదానిలోకి పోతుంది. వాయుకోశములు ఉత్త నీటి బుడగలే అయితే ఊపిరి వదలిన ప్రతిసారీ చిన్నవి మూసుకుపోవాలి. ఆరోగ్యవంతులలో అలా జరుగదు. అంటే అక్కడ నీటి తలతన్యతను తగ్గించేది ఏదో ఉన్నదన్న మాట.

చెరువులో నూనె, వంటింట తొట్టె

నీటి మీద నూనె ఎంత పలుచగా పరుచుకుంటుందో పరీక్షించిన వారిలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ముఖ్యుడు. లండన్ దగ్గర క్లాఫమ్ కామన్ అనే చోట ఒక చెరువులో ఆయన ఒక చెంచా నూనె పోస్తే అది సుమారు అర ఎకరము, అంటే మన లెక్కలో 20 గుంటల మేర పరచుకొని అలలను అణచివేసింది. ఈ వివరములు 1774లో అచ్చయ్యాయి. ఆ చెంచాలో 2 మిల్లీలీటర్ల నూనె ఉన్నదనుకొని మనము లెక్క కట్టితే, పొర మందము మీటరులో 100 కోట్లవ వంతు వస్తుంది. అది దాదాపు ఒక్క అణువు మందము. ఫ్రాంక్లిన్ ఆ లెక్క కట్టలేదు.

తరువాతి అడుగు వేసినది జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణములో తల్లిదండ్రులకు సేవ చేస్తూ ఇంటిపట్టున ఉన్న ఆగ్నెస్ పోకెల్స్ అనే యువతి. ఆ రోజులలో అక్కడ ఆడపిల్లలకు విశ్వవిద్యాలయ ప్రవేశము లేదు. ఆమె ఒక రేకు తొట్టెలో అంచుల వరకు నీరు నింపి, నీటి మీద అడ్డముగా ఒక రేకు పట్టీ వేసి, దానిని జరుపుతూ ఉపరితలమును పెంచుతూ తగ్గిస్తూ తలతన్యతను కొలిచింది. తన ఫలితములను 1891 జనవరిలో ఇంగ్లండులోని లార్డ్ రేలీకి ఉత్తరములో వ్రాసింది. ఆయన ఆ ఉత్తరమును నేచర్ పత్రికకు పంపి, అదే సంవత్సరము మార్చిలో అచ్చు వేయించాడు. ఆ తొట్టెనే అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ మెరుగుపరచి, కొవ్వు అణువులు తలలను నీటిలో ఉంచి, తోకలను గాలిలోకి చాచి, ఒకే వరుసగా నిలుస్తాయని 1917లో నిరూపించాడు. ఉపరితల రసాయనశాస్త్రములో చేసిన కృషికి ఆయనకు 1932లో నోబెల్ బహుమతి లభించింది. ఊపిరితిత్తుల రహస్యము చివరకు విడివడినది ఇటువంటి తొట్టెలోనే.

ఎవరూ పట్టించుకోని వ్యాసము

1929లో కుర్ట్ ఫన్ నీర్గార్డ్ అనే వైద్యుడు స్విట్జర్లాండులో ఒక తేలిక ప్రయోగము చేశాడు. పంది ఊపిరితిత్తులను మొదట గాలితోను, తరువాత ద్రవముతోను నింపి, ఒక్కొక్కసారి ఎంత పీడనము కావలసి వచ్చిందో కొలిచాడు. ద్రవముతో నింపినప్పుడు గాలికి, నీటికి మధ్య ఉపరితలమే ఉండదు కనుక తలతన్యత పనిచేయదు. అప్పుడు కావలసిన పీడనము చాల తక్కువని తేలింది. ఊపిరితిత్తులు కుంచించుకుపోవడానికి వాటి సాగే గుణమే కారణమని అంతవరకు అందరి నమ్మకము. ఆ బలములో సగమునకు మించి తలతన్యతదేనని ఈ ప్రయోగము చూపింది. నవజాత శిశువు మొదటి శ్వాసకు తలతన్యత అడ్డు కాగలదేమో పరిశీలించదగునని కూడా ఆయన సూచించాడు.

ఆ వ్యాసమును పాతికేళ్ళ పాటు దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. ఆ పాతికేళ్ళలో నెలలు నిండకుండా పుట్టి, ఊపిరి అందక మరణించిన శిశువుల వాయుకోశములలో గులాబి రంగు పొరలను రోగనిర్ణయ వైద్యులు సూక్ష్మదర్శినులలో చూశారు, వ్యాధికి హయలిన్ పొర వ్యాధి అని పేరు పెట్టారు. కనబడిన ఆ పొరే వ్యాధికి కారణమని చాలమంది భావించారు. వ్యాధికి మూలము ఉండవలసిన మరొక పొర లేకపోవడమని, లేనిది సూక్ష్మదర్శినిలో కనబడదని అప్పటికి తట్టలేదు.

విషవాయువుల పరిశోధన నుంచి ప్రాణరక్షణకు

సర్ఫెక్టెంటును కనుగొన్నది యుద్ధములో వాడే విషవాయువుల మీద పరిశోధన చేసే సైనిక ప్రయోగశాలలలో. ఇంగ్లండులో పోర్టన్ డౌన్ వద్ద రిచర్డ్ పాటిల్, ఊపిరితిత్తులలో నీరు చేరినప్పుడు వచ్చే నురుగును పరిశీలిస్తుండగా, ఆ నురుగు బుడగలు ఎంతకీ చితకకుండా ఉండడము గమనించాడు. మామూలు నీటి బుడగలు క్షణములలో మాయమవుతాయి. ఈ బుడగల తలతన్యత దాదాపు సున్నా అయితేనే అవి అలా నిలవగలవని తర్కించి 1955లో ప్రకటించాడు. అమెరికాలో ఎడ్జ్‌వుడ్ సైనిక కేంద్రములో జాన్ క్లెమెంట్స్ ఊపిరితిత్తుల నుంచి తీసిన సారమును తొట్టెలో నీటి మీద పరచి, ఉపరితలమును కుదించి, పెంచి చూశాడు. ఉపరితలము కుదించుకున్నప్పుడు తలతన్యత 10 మిల్లీన్యూటన్ల వరకు పడిపోయింది, విస్తరించినప్పుడు మరల పెరిగింది. 1957లో వెలువడిన ఆ ఫలితము లాప్లాస్ సూత్రము తెచ్చిపెట్టిన చిక్కును విడదీసింది. ఊపిరి వదలినప్పుడు వాయుకోశము చిన్నదవుతుంది, దానితోపాటు తలతన్యత కూడా తగ్గుతుంది. అందుచేత అది మూసుకుపోదు.

బోస్టనులో శిశువైద్యురాలు మేరీ ఎలెన్ ఏవరీ ఈ సంగతి తెలుసుకొని, క్లెమెంట్స్ వద్దకు వెళ్ళి కొలిచే పద్ధతిని చూసి వచ్చింది. హయలిన్ పొర వ్యాధితో మరణించిన శిశువుల ఊపిరితిత్తుల సారమును, ఇతర కారణములతో మరణించిన వారి సారముతో పోల్చి చూసింది. వ్యాధిగ్రస్తుల సారములో తలతన్యత తగ్గడము లేదు. జియర్ మీడ్‌తో కలసి 1959లో ఆమె ఈ ఫలితమును ప్రకటించింది. అంతవరకు వ్యాధి అనుకున్నది ఒక లోపమని ఆనాటితో రుజువయింది.

కారణము తెలిసినంత మాత్రమున వైద్యము దొరకదు. 1963 ఆగస్టు 7న అమెరికా అధ్యక్షుడు కెనడీకి అయిదు వారములకు పైగా ముందుగా పుట్టిన కుమారుడు పాట్రిక్, బరువు 2 కిలోలు దాటినా, ఇదే వ్యాధితో 39 గంటలు మాత్రమే జీవించాడు. ఆ దేశములో అందుబాటులో ఉన్న వైద్యమంతా జరిగింది. ఈనాడు అదే బరువుతో పుట్టిన బిడ్డలలో అత్యధికులు బ్రతికి బయటపడతారు.

తల్లికి సూదిమందు, బిడ్డకు సర్ఫెక్టెంటు

సర్ఫెక్టెంటులో 90 శాతము వరకు కొవ్వులు, మిగిలినది మాంసకృత్తులు. కొవ్వులలో అతి ముఖ్యమైనది డైపామిటాయిల్ ఫాస్ఫటిడైల్‌కోలిన్. దీనిని ఇకపై డి.పి.పి.సి. అంటాను. 1961లో క్లాస్, క్లెమెంట్స్, హేవెల్ అనే శాస్త్రజ్ఞులు ఆవు ఊపిరితిత్తుల నుంచి వేరుచేసిన సర్ఫెక్టెంటులో ఈ కొవ్వును గుర్తించారు. అది తెలిసిన వెంటనే ఉత్త డి.పి.పి.సి.ని తుంపరలుగా శిశువులకు పీల్పించి చూశారు. ప్రయోజనము కనబడలేదు.

వేరొక దారిని న్యూజిలాండులో గ్రాహమ్ లిగిన్స్ కనుగొన్నాడు. స్టీరాయిడు ఇచ్చిన తరువాత నెలలు నిండకముందే పుట్టిన గొర్రెపిల్లలు, బ్రతకవలసిన వయస్సు కాకపోయినా, ఊపిరి తీయడము ఆయన గమనించాడు. స్టీరాయిడు గర్భస్థ శిశువు ఊపిరితిత్తులను త్వరగా పరిపక్వము చేస్తున్నదని గ్రహించి, రాస్ హోవీతో కలసి 282 మంది గర్భిణీ స్త్రీలలో పరీక్ష జరిపాడు. 1972లో ప్రకటించిన ఫలితములలో, బీటామెథసోన్ పొందిన తల్లుల బిడ్డలలో శ్వాసబాధ 9 శాతమునకు కలుగగా, పొందని వారి బిడ్డలలో 25.8 శాతమునకు కలిగింది.

సర్ఫెక్టెంటునే మందుగా ఇవ్వడములో మొదటి విజయము జపానులో టెట్సురో ఫుజివారాది. ఆవు ఊపిరితిత్తుల సారమునకు డి.పి.పి.సి. మొదలైనవి చేర్చి, పది మంది శిశువుల శ్వాసనాళములలో పోసి, వారి పరిస్థితి చక్కబడడమును 1980లో ప్రకటించాడు. 1990లో అమెరికాలో అనుమతి పొందిన తొలి సర్ఫెక్టెంటు ఎక్సోసర్ఫ్‌లో మాంసకృత్తులు లేవు. 1991లో అనుమతి పొందిన సర్వాంటా ఆవు ఊపిరితిత్తుల నుంచి వచ్చినది. రెండూ ప్రాణములు కాపాడాయి. కాని జంతువుల నుంచి తీసినవి త్వరగా పనిచేశాయి. అప్పుడు ఒక ప్రశ్న తలెత్తింది. తలతన్యతను సున్నాకు దింపేది డి.పి.పి.సి. అయితే, మిగిలిన కొవ్వులు, మాంసకృత్తులు ఎందుకు?

పాఠ్యపుస్తకములలోని సిద్ధాంతము

డి.పి.పి.సి.లోని రెండు కొవ్వు తోకలు వంపు లేనివి. అవి పక్కపక్కన గట్టిగా కూరుకొని నిలువగలవు. అటువంటి పొరను ఎంత కుదించినా త్వరగా చెదరదు. అయితే అది కరిగి మెత్తబడేది 41 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద. మన శరీరోష్ణము 37. అంటే శరీరములో అది గట్టిగానే ఉంటుంది, నీటి మీద త్వరగా పరచుకోలేదు. తుంపరల ప్రయత్నములు విఫలమవడానికి ఇది ఒక ముఖ్య కారణము. వంపు తోకలు గల ఇతర కొవ్వులు త్వరగా పరచుకుంటాయి, కాని కుదించినప్పుడు నిలువలేవు.

సహజ సర్ఫెక్టెంటులో డి.పి.పి.సి. సగమునకు మించదు. మరి అంత తక్కువ తలతన్యత ఎలా సాధ్యము? దీనికి శాస్త్రజ్ఞులు ఒక వివరణ కల్పించారు. ఊపిరి వదలినప్పుడు పొర కుదించుకొంటుంది, ఆ ఒత్తిడికి మెత్తని కొవ్వులు బయటకు నెట్టబడతాయి, ఉపరితలమున దాదాపు శుద్ధమైన డి.పి.పి.సి. మిగులుతుంది అన్నారు. చెరకు పిండితే రసము పోయి పిప్పి మిగిలినట్లు అనుకోండి. వినడానికి ఇంపైన వివరణ కనుక అది పుస్తకములలోకి ఎక్కింది. మా తరము వైద్యులము అలాగే చదువుకున్నాము. కాని అది తలతన్యత కొలతల నుంచి ఊహించినదే. తొట్టె పొర బిగువును చెబుతుంది గాని, ఆ పొరలో ఏ అణువులు ఉన్నవో చెప్పదు.

పరారుణ కిరణముల సాక్ష్యము

1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకముతో రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకము ఉంచి చూశాడు. ఎరుపును దాటి, కంటికి ఏమీ కనిపించని చోట వేడి ఇంకా ఎక్కువగా ఉంది. అవే పరారుణ కిరణములు. అణువులలోని బంధములు నిరంతరము కంపిస్తుంటాయి. ఒక్కొక్క బంధము తన కంపనమునకు సరిపడే పరారుణ కిరణమును మాత్రమే పీల్చుకుంటుంది. తీగ బిగువును బట్టి వీణలో శ్రుతి మారినట్లు, బంధపు పరిస్థితిని బట్టి పీల్చుకునే కిరణము మారుతుంది. కొవ్వు తోకలు తిన్నగా, క్రమముగా నిలిచి ఉంటే, వాటిలోని కర్బన ఉదజని బంధముల ఒక కంపనము సెంటీమీటరుకు 2850 తరంగముల వద్ద కనబడుతుంది. తోకలు మెలితిరిగి అస్తవ్యస్తమైతే అది 2854కు జరుగుతుంది. ఈ నాలుగు తరంగముల తేడా పొర గట్టిగా ఉన్నదో మెత్తబడినదో చెబుతుంది.

నీటి మీద ఒక అణువు మందపు పొరను ఇలా పరీక్షించడము సులభము కాదు. నీరు తానే పరారుణ కిరణములను విపరీతముగా పీల్చుకుంటుంది. అందుచేత కిరణమును పొర గుండా పంపక, నీటి ఉపరితలము మీద పడి పరావర్తనము చెందినదానిని పట్టుకొని కొలవాలి. రిచర్డ్ డ్లూహీ అనే శాస్త్రజ్ఞుడు సహచరునితో కలసి ఈ పద్ధతిని 1985లో సాధించాడు. 1989లో ఆయన, రట్‌గర్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన రిచర్డ్ మెండెల్సన్, మరికొందరు కలసి సర్ఫెక్టెంటు పొరలను ఈ పద్ధతితో పరీక్షించారు.

నెట్టివేత సిద్ధాంతమునకు సూటి పరీక్ష 1994లో మెండెల్సన్ బృందము ప్రకటించింది. వారు పన్నిన ఉపాయము ఇది. డి.పి.పి.సి. తోకలలోని ఉదజనికి బదులు బరువైన ఉదజని, అంటే డ్యుటీరియము, ఉన్న అణువులను తయారు చేసి వాడారు. బరువు పెరిగితే కంపనము నెమ్మదిస్తుంది కనుక ఆ అణువుల గుర్తు 2100, 2200 ప్రాంతమునకు జరుగుతుంది. దానితో కలిపిన రెండవ కొవ్వు గుర్తు 2850 వద్దనే ఉంటుంది. ఒకే పొరలో రెండు కొవ్వులూ వేరువేరుగా లెక్కకు వస్తాయి. పొరను కుదిస్తూ పోతే ఎవరు నిలిచారు, ఎవరు వెళ్ళారు అన్నది వర్ణపటములో చదువుకోవచ్చు.

రెండవ కొవ్వు కూడా తిన్నని తోకలు గలదైతే నెట్టివేత జాడే కనబడలేదు. వంపు తోకలు గలదైతే అధిక పీడనము వద్ద అది కొంత బయటకు పోయింది గాని పూర్తిగా పోలేదు. ఉపరితలమున శుద్ధమైన డి.పి.పి.సి. ఒక్కటే మిగులుతుందన్న తేలిక చిత్రమునకు ఈ సాక్ష్యము సరిపడలేదు. అది రెండు కొవ్వుల నమూనా మాత్రమే, పూర్తి ఊపిరితిత్తి కాదని కూడా గుర్తుంచుకోవాలి. ఇతర పద్ధతులతో జరిగిన పరిశోధనలు కూడా కలసి నేటి అవగాహనను ఇచ్చాయి. కుదించినప్పుడు పొర అడుగున మడతలుగా మరికొన్ని పొరలు ఏర్పడతాయి, ఎస్.పి.-బి, ఎస్.పి.-సి అనే చిన్న మాంసకృత్తులు వాటిని పై పొరకు అంటిపెట్టి ఉంచుతాయి. ఊపిరి పీల్చినప్పుడు ఆ కొవ్వు మరల పైకి వచ్చి పరచుకుంటుంది. ఎస్.పి.-బి పుట్టుకతోనే లోపించిన బిడ్డలు నెలలు నిండి పుట్టినా శ్వాస అందక మరణిస్తారని 1993లో వెల్లడయింది. మాంసకృత్తులు అలంకారము కాదని అంతకన్న విషాదకరమైన రుజువు అక్కరలేదు.

ఇదే పరారుణ పద్ధతి ఇప్పుడు శిశువు పడక వద్దకు కూడా వస్తున్నది. గర్భస్థ శిశువు ఊపిరితిత్తుల ద్రవమును మింగుతుంటుంది కనుక, పుట్టిన వెంటనే కడుపులోని ద్రవములో సర్ఫెక్టెంటు కొవ్వు ఉంటుంది. ఆ ద్రవమును పరారుణ కిరణములతో నిమిషములలో పరీక్షించి, ఏ బిడ్డకు సర్ఫెక్టెంటు అవసరమో ముందే తెలుసుకొనే పద్ధతిని డెన్మార్కులో హెన్రిక్ వెర్డర్, ఆయన సహచరులు రూపొందించారు. ఇది ఇంకా అన్నిచోట్ల వాడుకలోనికి రాలేదు.

పాఠకులకు కొన్ని మాటలు

గర్భస్థ శిశువులో సర్ఫెక్టెంటు సుమారు 24 వారముల నుంచి మొదలై, 35 వారముల ప్రాంతమునకు చాలినంత తయారవుతుంది. నెలలు నిండని బిడ్డ పుట్టిన కొద్ది గంటలలో త్వరత్వరగా ఊపిరి తీయడము, డొక్కలు ఎగురవేయడము, ఊపిరి వదలేటప్పుడు మూలగడము, పెదవులు నీలి రంగుకు తిరగడము ఈ లోపమునకు గుర్తులు. ఆ మూలుగు ఏడుపు కాదు. మూసుకుపోతున్న వాయుకోశములను తెరచి ఉంచడానికి బిడ్డ చేసే ప్రయత్నము.

24 నుంచి 34 వారముల మధ్య నెప్పులు మొదలయితే, లేక ఉమ్మనీరు పోతే, తెల్లవారే దాకా చూద్దామని ఇంటి వద్ద ఆగవద్దు. మన దేశములో 2014 నాటి ప్రభుత్వ మార్గదర్శకముల ప్రకారము అటువంటి తల్లికి డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాములు 12 గంటలకు ఒకసారి, మొత్తము నాలుగు సూదులు ఇస్తారు. పెద్ద ఆసుపత్రికి పంపే ముందు మొదటి సూదిని ఏ.ఎన్.ఎం. కూడా ఇవ్వవచ్చును. మందు చౌకైనది. దాని పూర్తి ప్రయోజనము ఒక రోజు గడచిన తరువాత కనబడుతుంది కనుక ప్రతి గంటా విలువైనదే. భారతదేశము కూడా పాల్గొన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షలో, ఈ మందు నెలలు బాగా తక్కువగా పుట్టిన శిశువుల మరణములను తగ్గించిందని 2020లో వెల్లడయింది. నెలల లెక్క సరిగా తెలిసి, తల్లిలో సూక్ష్మజీవుల సోకు లేదని చూసి, నవజాత శిశువులను సంరక్షించే సౌకర్యము ఉన్నచోట వాడినప్పటి ఫలితమది. కాబట్టి సూదిమందు తీసుకొని ఇంటికి మరలడము కాదు, అటువంటి ఆసుపత్రికి చేరడము ముఖ్యము.

గర్భము తొలి నెలలలోనే ఒకసారి స్కానింగు చేయించి, వారముల లెక్క వ్రాసిన ఆ కాగితమును భద్రపరచండి. నెప్పులు ముందుగా వచ్చిన రాత్రి వైద్యుడు మొదట అడిగేది అదే.